టవర్‌కి అందని గొంతు

కుక్కర్ కూత పెట్టబోయే క్షణం నాకు తెలుసు. అంతకు ముందే స్టవ్ ఆపేస్తాను. నా భర్త జీవన్ కుమార్ నాచారం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. "పిల్లగాడు రాత్రంతా మిషిన్ ముంగట నిలవడ్డడు. జర మెల్లగ, షైనీ" అనేది మా అత్తమ్మ రూతు, పెళ్ళయిన కొత్తలో. మూడేళ్ళలో ఆమెకి ఆ మాట అనే పని లేకుండా చేశాను. గిన్నెల కింద బట్ట పరిచి తోమడం, చున్నీలోకి తుమ్మడం, ఫోన్లో అమ్మతో గుసగుసగా మాట్లాడటం, అన్నీ వచ్చేశాయి. ఆయన మంచివాడు. నేను పైలట్ కోర్సు చేస్తానంటే చుట్టాలంతా నవ్వినా, "చదవనియ్యిన్రి" అన్నవాడు. అందుకే ఆ నిద్రను పసిపాపలా కాపాడాను.

పెద్ద విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాక పాత విమానాశ్రయం మా శిక్షణ విమానాలకి మిగిలింది. ఆ రోజు టవర్లో కంట్రోలర్ చిదంబరం గారు. దిగడానికి అనుమతి అడిగాను.

"సే అగైన్."

మళ్ళీ చెప్పాను.

"సే అగైన్."

మూడోసారి నోరు తెరిచేలోపే కింద రన్‌వే మీదికి ఇంకో విమానం వచ్చేసింది. పక్క సీట్లోని మా ఇన్‌స్ట్రక్టర్ మహిపాల్ సార్ కంట్రోల్స్ అందుకుని మా విమానాన్ని పైకి లేపాడు. ఆ ఇంకో విమానం రెక్కలు మా కాళ్ళ కింద నుంచి జారిపోయాయి.

కిందికి దిగాక రేడియో విప్పి చూశారు. ఏ లోపమూ లేదు.

"రేపు నీ మాట టవర్‌కి వినవడకపోతే నిన్ను ఒక్కదాన్నే సోలోకి పంప. కోర్సు మర్చిపో" అన్నాడు సార్.

క్యాంటీన్లో కూర్చుని ఉంటే చిదంబరం గారు టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"తప్పు రేడియోది కాదమ్మా. ఎవరో పడుకున్నారు, లేస్తారేమో అన్నట్టు మాట్లాడుతున్నావు నువ్వు."

చేతిలో సమోసా ప్లేట్లో పెట్టేశాను.

"పెద్ద ఎయిర్‌పోర్టులో అయితే నువ్వు వందలో ఒకదానివి. ఇక్కడ నేను నీ ఒక్కదాని కోసమే చెవి పెట్టుకుని కూర్చుంటాను. కాస్త వినపడనివ్వు."

బస్సులో ఉప్పల్ దాకా ఏడుస్తూనే వచ్చాను. అదీ చప్పుడు లేకుండానే.

మర్నాడు నా సోలో మధ్యాహ్నం తర్వాత. పొద్దున మా ఆయన పడుకున్నాక వంటింట్లో నిలబడ్డాను. ఊపిరి నిండా పీల్చుకుని, దిగడానికి అనుమతి అడిగే ఆ మాటే గట్టిగా అన్నాను.

"టవర్, ఆల్ఫా కిలో, ఫైనల్, ఫుల్ స్టాప్ ల్యాండింగ్."

అత్తమ్మ ఉరికొచ్చింది. "ఏందే, ఏమైంది నీకు? వాడు పండుకున్నడు."

నేను ఆగలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను. ఆయన ఎర్రటి కళ్ళతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ కళ్ళలోకి చూస్తూనే మూడోసారీ అన్నాను.

"ఇది నీ గొంతేనా?" అన్నాడు. "మూడేండ్ల సంది నేనిన్లే."

"ఇయ్యాల వినవడకపోతే నన్ను ఎగరనియ్యరు. నేను ఆప."

ఆయన తల గోక్కున్నాడు. "ఆపమని ఎవలన్నరు? తలుపేస్కుంట."

"గదిల ఉక్కపోస్తది బిడ్డా" అంది అత్తమ్మ.

"పొయ్యనీ."

మూడేళ్ళుగా ముగ్గురం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ గదికి తలుపు ఉందనీ, దాన్ని ఆయన కూడా వేసుకోవచ్చనీ మాలో ఒక్కరికీ తోచలేదు.