నరసరాజు అడిగిన ప్రశ్న

పాచిక మూడు మీద ఆగింది.

"పది దాటాలి కదండీ. పోయానంతే," అన్నాడు సుమంత్.

2008 వేసవి. ఏలూరులో జాయ్సీ వాళ్ళ మేడ మీద ఆదివారం మధ్యాహ్నం. తమ్ముడు ఫిన్నీ బెంగుళూరు నుంచి ఇరవై ముఖాల పాచిక తెచ్చినప్పటి నుంచి వారం వారం ఇదే ఆట. జాయ్సీ కథ నడుపుతుంది. మిగతా ఇద్దరూ కథలో మనుషులై, ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఏమవుతుందో తేలని చోట పాచిక వేస్తారు. కొల్లేరు లంకల్లో తిరిగే దొంగ బుల్లిరాజు, వాడి ముఠా అంతా ఆమె అల్లిందే.

కథలో నరసరాజు వేషం వాళ్ళ స్నేహితుడు సుమంత్‌ది. అతనిది బట్టల కొట్టు కుటుంబం. ఓటమి గిట్టదు. "ఈసారి గెలవకపోతే ఇంక రానండీ," అని పొద్దున్నే ఫోన్లో చెప్పేశాడు. అతను మానేస్తే ఆట అక్కడితో ఆఖరు.

అలాగని పాచికను అటూ ఇటూ చేయడం జాయ్సీకి చేతకాదు.

"పోలేదండీ, దొంగలకి దొరికిపోయారు. మీ నరసరాజుని లంక మీద గుంజకు కట్టేశారు. బుల్లిరాజు ముఠా మీ ఊరు దోచడానికి పడవ ఎక్కుతోంది. అక్కడ ఫిన్నీ జనాన్ని పడవల్లో ఊరు దాటిస్తున్నాడు. ఇంకా సగం మంది ఒడ్డునే ఉన్నారు. ఏం చేస్తారు?"

"చేతులు కట్టేశాక ఏం చేస్తానండీ?"

"నోరు కట్టలేదుగా గురూ!" ఫిన్నీ నవ్వాడు.

సుమంత్ కట్టేసినట్టే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఎంతో మర్యాదగా పిలిచాడు.

"బుల్లిరాజు గారూ! ఎక్కడికండీ బయలుదేరారు?"

జాయ్సీకి వెంటనే అర్థమైంది. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే పని చెడుతుందని, వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ కదలాలని సుమంత్ ఇంట్లో పట్టింపు. తెలియక ఓసారి వాళ్ళ గుమ్మంలో అలా అడిగి ఆమె చీవాట్లు తింది. మరి బుల్లిరాజు? కొబ్బరికాయ కొట్టందే పడవ కదపని మనిషి. అలా చెప్పింది తనే.

"పాచిక వెయ్యమంటారా?" అడిగాడు సుమంత్.

"అక్కర్లేదు." జాయ్సీ బుల్లిరాజులా గొంతు బొంగురు చేసింది. "ఓరి నీ నోరు పడిపోనూ! దిగండ్రా అందరూ. మంచినీళ్ళు తెండి!"

దొంగలు దిగారు, కూర్చున్నారు, తాగారు, ఎక్కారు.

"అయ్యా, ఇంతకీ ఎక్కడికండీ?"

మళ్ళీ దిగారు. ఫిన్నీ కడుపు పట్టుకుని నవ్వుతూనే జనాన్ని దాటించాడు. ఈసారి బుల్లిరాజు కత్తి తీసి నరసరాజు మెడకు ఆనించాడు.

"ఇంకో మాట వచ్చిందంటే ఇదే నీకు ఆఖరు."

సుమంత్ ఫిన్నీ వైపు తిరిగాడు. "అందరూ దాటారా?"

"ఒక్క పడవ మిగిలింది. పిల్లలున్నారు."

"ఎక్కడికండీ?" అన్నాడు సుమంత్, చాలా నెమ్మదిగా.

పాచిక ఎవరూ ముట్టుకోలేదు. కత్తి దిగిందని జాయ్సీ చెప్పింది. దొంగలు చేరేసరికి ఊళ్ళో నరపురుగు లేదని కూడా చెప్పింది.

"ఓడిపోయావుగా, మానేస్తావా?" ఫిన్నీ అడిగాడు.

"నువ్వుండెహె." సుమంత్ కళ్ళు తుడుచుకుని జాయ్సీ వైపు చూశాడు. "నరసరాజుకి పెళ్ళయిందాండీ?"

"అయింది. ఆవిడ పేరు పాపమ్మ."

"అయితే నేనే పాపమ్మని. నరసరాజు పోయిన కబురు వీడు వచ్చి నాకు చెప్పాలి."

ఫిన్నీ నవ్వు ఆగిపోయింది. జాయ్సీ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తెల్లారింది. పాపమ్మ ఒడ్డున నిలబడి ఉంది," అని మొదలుపెట్టింది.