సల్లబడని గిన్నె

పొద్దుగాల ఆరింటికి, కోరుట్ల బస్టాండు ముంగట జగిత్యాల బస్సు ఇంక కదలకముందే, సామేలు తన పెండ్లాం పుష్పకు కోపం తెప్పిచ్చే పని మొదలువెడ్తడు. ఆమెకు కోపం రాకపోతె సర్వపిండి కాలది మరి.

సామాను ఏమంత పెద్దగ ఉండది. బియ్యప్పిండి, ఇన్ని పల్లీలు, ఇన్ని నువ్వులు, నానిన శనగపప్పు, సన్నగ తరిగిన ఉల్లాకు, కల్యమాకు, ఉప్పు, కారం. పుష్ప గవన్ని కలిపి, నీళ్ళు చల్లుకుంట పిసికి, గిన్నె అడుగున పలచగ ఒత్తి, వేలితోని నాలుగు తూట్లు పెట్టి, తూటుకు ఇంత నూనె పోసి మూత పెడ్తది. ఎనక ఆ గిన్నెను రెండు అరచేతుల్ల పట్టుకొని కూసుంటది. గ్యాసు లేదు, కట్టెలు లేవు. గప్పుడు సామేలు మెల్లగ అందుకుంటడు.

"మీ జానన్న కొత్తింట్ల ప్రార్థన పెట్టుకున్నడట గదనే. వాడకట్టంత పిలిచిండట. మనకు చెప్పిండా?"

"నీ నోట్ల మన్నువడ! పొద్దు పొద్దుగాల వాని పేరే దొరికిందా నీకు? అవ్వ మంచానవడ్డనాడు పీతి ఎత్తింది నేను, ఇల్లు కట్టుకున్నది వాడా?"

గిన్నె సుయ్యిమంటది. నువ్వులు చిటపటమంటయ్. అన్నను, వదినెను, వదినె తల్లిగారోళ్ళను ఆమె వరసవెట్టి తిట్టేటాల్లకు సర్వపిండి అడుగు ఎర్రగ కాల్తది.

ఇగ సల్లార్పుడు. అసలు పని ఇదే. సర్వపిండి చేసే ప్రతి ఆడిమనిషికి తెలుసు, కాలిన గిన్నెల మళ్ళ పిండి ఒత్తరాదు. చెయ్యన్న కాల్తది, పిండన్న ఊడొస్తది. ఇండ్లల్లనైతె గిన్నెను బోర్లిచ్చి మీద నీళ్ళు పోస్తరు. పుష్ప కోపం దిగకపోతె బిందెడు పోసినా ఆవిరైపోవుడే. ఇంకో గిన్నె తెచ్చుకున్నా లాభం లేదు, ఆమె చెయ్యి తాకిన గిన్నెకల్ల గదే కాక. అందుకే సామేలు గొంతు మారుస్తడు.

"గాని పుష్పా, నిన్న చర్చికి ఆ పచ్చచీరె కట్టుకున్నవు సూడు. పాస్టరమ్మ గూడ నిన్నే సూసుకుంట పాట మర్సిపోయింది."

"పో, సిగ్గులేనోడా," అని ఆమె నవ్వుతది. గిన్నె సల్లబడ్తది. రెండోది ఒత్తుతది.

గిట్ల దినానికి నలభై సార్లు, పదిహేడేండ్ల సంది.

గిరాకోళ్ళు గూడ తలా ఒక చెయ్యేస్తరు. జగిత్యాల బస్సు కండక్టరు సంపత్, "పుష్పక్కా, మెట్‌పల్లిల సర్వపిండి నీదాని కన్న కరకర ఉంటదట," అని అంటిచ్చి పక్కకు నిలబడ్తడు. బస్సెక్కేటాల్లకు వాని సర్వపిండి తయారు. ఆదివారం పాస్టరు క్షమాపణ గురించి గట్టిగ చెప్పిండంటె మాత్రం సోమవారం పదిగొట్టేదాక గిన్నె కాలది. ఈస్టరు వారంలనైతె గిరాకీ సగానికి వడిపోతది. "పుష్పక్క కోపం పాలపొంగు. గిట్లొస్తది, గట్ల పోతది," అని అందరు మెచ్చుకునేటోళ్ళే.

ఆమె తల్లి ముత్తవ్వది గూడ గిదే తీరు. సిరిసిల్లల గంజి పెట్టిన నూలును ముసురు దినాలల్ల గూడ ముత్తవ్వ పక్కకు ఆరేస్తె గంటల ఎండేది. సేట్లు ఆమెను ఇంటికచ్చి పిలుసుకపొయ్యేటోళ్ళు. నూలు ఎండినంక మళ్ళ ఆమె మొఖం సూసినోడు లేడు.

కోరుట్ల సగం పుష్ప కోపాన్ని తిన్నది, చాయతోని నంజుకొని తిన్నది. ఆ కోపం ఎందుకొస్తదో, వచ్చిన కోపం వట్టిగ ఎటు పోతదో, ఒక్కలు గూడ అడిగిన పాపాన పోలే. ఆమె కష్టాలన్ని అగ్గిపెట్టెల పుల్లల లెక్క సామేలు జేబుల ఉండేటియి. ఒకటి గీకుడు, పనైనంక ఊదుడు. పుల్ల కాలుతదని ఎవలన్న బాధపడ్తరా?

ఆ ఏడు చలికాలంల, బస్టాండు ముంగటి చిన్న దుకాణాలోళ్ళ కమిటీ జాగలకు కాయితాలు ఇస్తదని తెలిసింది. కాయితం ఎవలకు ఉంటె జాగ వాళ్ళది. పుష్ప కూసునేది కటింగు షాపుకు, జిరాక్సు సెంటరుకు నడుమ నాలుగు గజాల జాగల. అది పోతె ఆమెకు ఇంకో బతుకు లేదు. కమిటీ పెద్ద నరేందర్ ఫారం పట్టుకొచ్చి ఆమె ముంగట్నే నింపిండు. వాడు గూడ పదిహేడేండ్ల సంది ఆమె చేతి సర్వపిండి తిన్నోడే.

"పొయ్యి అని గడి ఉన్నది. ఏం రాయమంటవక్కా? గ్యాసా, కట్టెలా, బొగ్గులా?"

"నాకు కోపమొస్తది గద తమ్మీ."

"అది తెల్వనోడెవడే. గాని ఫారంల కోపానికి గడి లేదు. ఖాళీ పెడ్త తియ్యి, ఎనక సూద్దాం."

పుష్ప ఫోటో ఇచ్చింది, ఆధారు జిరాక్సు ఇచ్చింది. పేరు మాత్రం ఇంటి పెద్దదే ఉండాలన్నరు. సామేలు పేరు రాసుకున్నరు. ఇంటి పెద్ద ఎట్లయిండో మరి, ఆ ఇల్లు నడిచేది ఈమె చేతుల మీద.

ఇరువై దినాలైనంక ఒక మంగళవారం ఆమె మొదటి గిన్నె ఒత్తుకొని కూసున్నది. పక్కకు సామేలు లేడు. "జగిత్యాలల పనున్నది," అని నిన్ననే పోయిండు. సంపత్ వస్తె వానితోనన్న ఓ మాట అనిపిచ్చుకుందామని ఆమె బస్సు దిక్కు సూస్తున్నది. గంతల ఒక క్రేను, దానెనక లారీ మీద ఎర్రరంగు ఇనుపడబ్బా వచ్చి ఆగినయ్. డబ్బా మీద చాయకప్పు బొమ్మ ఉన్నది.

"జెర లే అక్కా," అన్నడు నరేందర్. "గీ జాగ మా బామ్మర్ది గణేశ్‌కు రాసిచ్చిండ్రు. టీ పాయింట్ పెడ్తున్నడు."

"రాసిచ్చిందెవలు?"

నరేందర్ కాయితం సూపిచ్చిండు. ఈ జాగ మాకు అక్కర లేదు అని రాసి ఉన్నది. కింద సామేలు సంతకం. పెండ్లైన కొత్తల పుష్పనే పలక మీద దిద్దిపిచ్చి నేర్పిన సంతకం.

లారీ ఎనకకెల్లి సామేలు వచ్చిండు. ఒంటి మీద కొత్త ఖాకీ బట్టలు, మెడల ఊదే సీటీ. జగిత్యాలల వడ్ల గోదాంకు వాచ్‌మన్‌గ పెట్టిచ్చిండట నరేందర్.

"నాకెందుకు చెప్పలే?" అన్నది పుష్ప.

"చెప్తె కోపం చేస్తవని."

"చెప్పకపోతె చెయ్యనా?"

"రెండు దినాలు చేస్తవు. ఎనక సల్లబడ్తవు గద." సామేలు సీటీని వేళ్ళతోని తిప్పుకుంట నేల దిక్కు సూసిండు. "ఎన్నేండ్లని పుష్ప మొగడనిపిచ్చుకోవాలె నేను? నాకు గూడ ఒక నౌకరి ఉండొద్దా?"

గప్పుడే బస్సు దిగిన సంపత్ అక్కడికొచ్చి, "అక్కా, గిప్పుడు పట్టినవంటె నాలుగు గిన్నెలు ఒక్కటేసారి కాల్తయ్!" అన్నడు. నలుగురు నవ్విండ్రు. నవ్వుండ్రిరా, నవ్వుండ్రి. మీ ఇంట్ల పొయ్యి కూలగొట్టినోడు లేడు గద.

పుష్ప అరుస్తదని అందరు ఎదురుసూసిండ్రు. ఆమె అరవలే. ఎప్పుడు పైకి పొంగే కోపం ఈసారి కిందికి దిగింది. పదిహేడేండ్లల్ల దినానికి నలభై సార్లు ఊదిపిచ్చుకున్నయన్ని ఒక్కటేసారి వచ్చి లోపల కూసున్నయ్. చేతుల్ల గిన్నె ఉన్నది ఉన్నట్టే సర్వపిండి ఎర్రగైంది, నల్లగైంది, మూత సందుకెల్లి పొగ లేసింది. ఆమె గిన్నెను తను కూసున్నకాడ్నే నేల మీద పెట్టింది. దాని పక్కకు రెండు అరచేతులు ఆనిచ్చి, బరువంత నేల మీదనే పెట్టి లేచింది. చెప్పులేసుకొని ఇంటికి పోయింది.

గిన్నెను జరుపవోయిన క్రేనోడు వేళ్ళు కాల్చుకున్నడు. "ఉంటె ఉండనియ్యి, నీకేం రోగం," అని నరేందర్ దాని మీదికెల్లే డబ్బా దింపిచ్చిండు.

ఇగ ఇంటికి సల్లార్పేటోళ్ళు మొదలైండ్రు. పక్కింటి నర్సవ్వ చెంబెడు మజ్జిగ తెచ్చింది. పాస్టరు వచ్చి మోకాళ్ళ మీద కూసొని ప్రార్థన చేసిండు. కటింగు షాపాయన, "పోనియ్యి చెల్లె, మొగోడు నౌకరి చేస్తె మంచిదే గద," అన్నడు. సామేలు గూడ డ్యూటీ దిగి వచ్చి గడపల కూసున్నడు, పచ్చచీరె ముచ్చట తీసిండు. పుష్ప ఆయిన మొఖం దిక్కు సూడలే.

రెండో దినం బిడ్డ సరిత వచ్చింది. సిరిసిల్లల బట్టల కంపెనీల మిషన్ కుడ్తది. సంచి ఇంక భుజం మీదికెల్లి దియ్యకముందే తండ్రి మజ్జిగ గిలాస ఎత్తుకొని, "జెర మీ అమ్మకు చెప్పరాదు బిడ్డా, సల్లబడుమని," అన్నడు.

"సల్లబడుమనేటోళ్ళంత బయటికి నడువుండ్రి," అన్నది సరిత. "నువ్వు ముందుగాల నడువు డాడీ."

అందర్ని ఎల్లగొట్టి తలుపు పెట్టింది. తల్లి పక్కకు కూసున్నది.

"అమ్మా, నువ్వు సల్లబడకు. ఎన్ని దినాలు పడితె అన్ని దినాలు ఉండు. అన్నం నేను వండుత."

పుట్టినకాడికెల్లి పుష్పకు ఈ మాట చెప్పినోళ్ళు లేరు. గప్పుడు ఏడ్చింది. కండ్లనీళ్ళు చెంప దాటకముందే ఆరిపోయినయ్.

గణేశ్ టీ పాయింట్ బుధవారం తెరిచిండు. స్టవ్ ముట్టియ్యకముందే పాలు ప్యాకెట్లల్ల పొంగినయ్. డబ్బాల చక్కెర పాకమైంది. గురువారం ప్లాస్టిక్ కుర్చీలు కాళ్ళు సాపినయ్. శుక్రవారం గణేశ్ చెప్పులు నేలకు అతుక్కున్నయ్, వాడు వట్టికాళ్ళతోని ఎగురుకుంట బయటవడ్డడు. నీళ్ళ ట్యాంకరు తెప్పిచ్చి జాగంత తడిపితె ఆవిరి లేసి కటింగు షాపు అద్దాలు మసకవడ్డయ్, గడ్డం గీకిపిచ్చుకునేటోనికి గీతపడ్డది. ఎవలు వింతగ సూడలే. "పుష్పక్కది ఇంక దిగనట్టున్నది," అనుకున్నరు, చాయ తాగనీకి ఇంకో దుకాణానికి పోయిండ్రు.

తొమ్మిదోనాడు గణేశ్ తాళంచెవి బావ చేతుల పెట్టి, "నీ జాగ నువ్వే నెత్తిన పెట్టుకో," అని వెల్గటూర్ బస్సెక్కిండు. క్రేను మళ్ళచ్చింది. డబ్బా లేపితె కింద గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉన్నది. మీద మూత గూడ జరగలే.

అదే దినం పొద్దుగాల ఇంట్ల పుష్ప, తను తాకితె నీళ్ళు మరుగుతయని మర్సిపోయి నీళ్ళ చెంబు పట్టుకున్నది. నీళ్ళు మరగలే. సరిత సూసి తల్లి చెయ్యి పట్టుకున్నది.

"సల్లగున్నదమ్మా! కోపం పోయిందా?"

పుష్ప జెరసేపు తన లోపల తనే ఎతుక్కున్నది. "పోలే బిడ్డా. మస్తున్నది. గాని చేతుల్ల లేదు."

ఏడున్నదో పొద్దు ఎక్కినంక నరేందర్ వచ్చి చెప్తె తెలిసింది. వాడు గుమ్మం బయట్నే నిలబడి పాలు, చక్కెర, చెప్పుల ముచ్చటంత చెప్పి చేతులు జోడిచ్చిండు.

"తప్పయిందక్కా. గా జాగ ఎవలకు పనికస్తలేదు. నువ్వే తీస్కో. జెర సల్లబడు, గంతే."

"జాగ తీస్కుంట. సల్లబడ."

"గట్లైతె సర్వపిండి ఎట్ల ఒత్తుతవే?"

"నా ఒత్తుడు నీకెందుకు? ఫారం తీ. నా పేరు రాయి. ఇంటి పెద్ద పుష్ప అని రాయి."

రాసిండు. సంతకం పెట్టుకుంట ఆమె కింద గడి మీద వేలు పెట్టింది.

"పొయ్యి అని ఉన్నది. మళ్ళ ఖాళీ పెట్టకు."

"ఏం రాయాల్నే?"

"నేల అని రాయి."

నరేందర్ ఒకసారి ఆమె దిక్కు, ఒకసారి ఆ జాగల కాలిన తన అరికాలి కట్టు దిక్కు సూసుకొని, నేల అని రాసిండు.

సోమవారం తల్లీబిడ్డలు ఆరు గిన్నెలు పట్టుకొని జాగకొచ్చిండ్రు. సల్లటి గిన్నెల, సల్లటి చేతులతోని పుష్ప పిండి ఒత్తింది, తూట్లు పెట్టింది, నూనె పోసింది, మూత పెట్టి నేల మీద పెట్టింది. సుయ్యిమన్నది. కాలిన గిన్నెను సరిత తీసి కటింగు షాపు అరుగు మీద బోర్లిచ్చి నీళ్ళు పోస్తున్నది. అది ఆరేలోపల ఇంకోటి. ముట్టిచ్చేటోడు అక్కర లేదు, ఆర్పేటోడు అక్కర లేదు. సంపత్ వచ్చి అలవాటు తప్పక, "మెట్‌పల్లిల సర్వపిండి," అని మొదలువెట్టిండు.

"అయితె మెట్‌పల్లిలనే తిను తమ్మీ," అన్నది పుష్ప తలెత్తకుంట. గొంతుల ఉరుము లేదు, మెరుపు లేదు. సంపత్ చిల్లర తీసి పట్టుకొని నిలబడ్డడు. సర్వపిండి ముందటి కన్న ఎక్కువనే కరకరలాడింది.

పదిహేను దినాలైనంక సామేలు డ్యూటీ దిగి జగిత్యాల బస్సుల వచ్చిండు. ఖాకీ బట్టలు నలిగినయ్, సీటీ జేబుల ఉన్నది. నేరుగ వచ్చి తన పాత జాగల కూసుందామని సూసిండు. ఆడ గిన్నెలున్నయ్. నిలబడే ఉన్నడు.

"మీ జానన్న కారు కొన్నడట గదనే," అన్నడు మెల్లగ.

పుష్ప పిండిల నాలుగు తూట్లు పెట్టింది.

"మనకు మాత్రం చెప్పలే," అన్నడు.

ఆమె తూటుకింత నూనె పోసింది. పుల్ల తడిసిపోయిందని సామేలుకు గప్పుడు సమజైంది. ఇగ రెండోది తీసిండు, పచ్చచీరెది. అది గూడ పారలే. వాసనకు నోట్ల నీళ్ళూరుతున్నయ్, రాత్రంత గోదాంకాడ తిండి లేదు.

"ఇంక ఎన్ని దినాలే నీ కోపం? ఇంత సర్వపిండన్న పెట్టవా నాకు?"

పుష్ప గప్పుడు తలెత్తి సూసింది. పదిహేడేండ్ల సంది పక్కన కూసున్న మనిషిని ఒక గిరాకోన్ని సూసినట్టు సూసింది.

"పెడ్త. ఎనక మంది నిలబడ్డరు. లైన్ల రా."

సామేలు ఎనకకు తిరిగి సూసిండు. లైను కటింగు షాపు దాటి, మూలమలుపు దాటి పోయింది. ఒక్కలు గూడ జాగిచ్చేటట్టు లేరు. మెల్లగ నడుసుకుంట పోయి అందరి ఎనక నిలబడ్డడు. ఆడిదాక గూడ నేల ఎచ్చగనే ఉన్నది.