కిటికీ పక్క గోడ

ఆ ఉదయం సెన్ నది మీద ఆకాశం వెలిసిపోయిన గోనెపట్టాలా వేలాడుతోంది. చినుకూ లేదు, ఎండా లేదు. బండిలో పటాల మీద మైనపుగుడ్డ కప్పి, మెర్వాల్ గారిని ఎక్కించుకుని పారిస్ బయలుదేరాను. నేను ఆయన తోటమాలిని.

ఆరుబయట కూర్చుని, వెలుగు మారేలోగా బొమ్మ వేసేసే జట్టు ఆయనదీ, ఆయన స్నేహితులదీ. ఊళ్ళో పెద్దలు చూసి నవ్వేవారు. మెర్వాల్ గారూ వేస్తారు. కానీ స్నేహితుల లెక్కలో ఆయన ఏటా ప్రదర్శనకి హాలు అద్దెకు తీసుకునేవాడు, తమ బొమ్మలు కొనేవాడు, అంతే. అక్కడ ఆయన పటం ఏదో వంకన ప్రతిసారీ మెట్ల కింద చీకట్లోకే చేరేది. ఈసారి నా భార్య మెలనీ బఠాణీలు ఒలుస్తున్న బొమ్మ. వేసవంతా దాని మీదే ఉన్నారు.

"ఒక్కసారి దీన్ని వెలుగులో చూడాలి, ఒనెజీమ్," అన్నారు దారిలో. ఆయన తనకోసం ఏదైనా కోరడం నేను విన్నది అప్పుడే.

గోడలు చీట్లు వేసి పంచుకోవడం వాళ్ళ పద్ధతి, ఎవరి పెద్దరికమూ చెల్లకూడదని. హాలు చేరగానే టోపీలో చేతులు పెట్టారు. కిటికీ పక్క గోడ మెర్వాల్ గారికి వచ్చింది; వెంటనే మెలనీ బొమ్మ అక్కడ తగిలించాను. మెట్ల కింద చోటు ఆయన స్నేహితుల్లో ఒకడైన కుర్తెల్‌కి.

"కలవాడికే కలిసొస్తుంది!" అన్నాడు కుర్తెల్. "నీకేం బాబూ, నీ బొమ్మ అమ్ముడుపోకపోతే మీ పొయ్యిలో పిల్లి పడుకుంటుందా? మేం అమ్ముకు తినేవాళ్ళం."

చీటీ చీటీయే అని ఒక్కరూ అనలేదు. ఒకాయన బూట్లు చూసుకున్నాడు. ఇంకొకాయన సుత్తి వెతుక్కున్నాడు.

కుర్తెల్ విప్పింది వరదలో పడవల పటం. పొద్దున మెర్వాల్ గారి భోజనాల గది గోడ మీంచి దాన్ని దించింది నేనే.

"అది అమ్ముడుపోయిందే కదండీ," అన్నాను. "పోయినేడు మా అయ్యగారే కొన్నారు."

"నీ ముల్లంగి మడి చూసుకోవోయ్. దీన్ని చూసే జనం తక్కినవి కొంటారు."

అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వబోయారు, కుదరలేదు.

"మనది దించెయ్, ఒనెజీమ్."

మెట్ల కింద మేకు నేనే కొట్టాను. అక్కడ బఠాణీలు కనిపించలేదు. మెలనీ మొహమూ కనిపించలేదు.

ఆ రాత్రి అలవాటుగా అందరూ భోజనానికి ఆయనింటికే వచ్చారు. నన్నూ బల్ల చివర కూర్చోమన్నారు. మెలనీ కుందేలు కూర వడ్డిస్తూ, "నా బొమ్మ ఎక్కడ పెట్టారండీ?" అంది.

"నీడపట్టున," అన్నారు ఆయన.

ఎదురు గోడ మీద, పడవల పటం తీసిన మేర, సున్నం తెల్లగా మిగిలింది. దాన్ని తప్పించి తలా ఓ దిక్కు చూస్తూ తిన్నారు. కుర్తెల్ రొట్టె అడగబోయి, ఊరికే చెయ్యి చాపాడు. మెర్వాల్ గారు కోసి ఇచ్చారు.