ఆగిపోవడం నేర్పే బడి

మా ఇంట్లో భోజనాల బల్ల మీద మనుషులు భోంచేసి చాలా రోజులైంది. పళ్లేలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తింటున్నాం. బల్ల నిండా మా మరదలి కాగితాలు, ఆ కాగితాల మధ్య లాప్‌టాప్, దాని ముందు మా మరదలు. ఎప్పుడడిగినా ఒకటే మాట: "ఇదే ఫైనల్ బావా, ఇంక ముట్టుకోను." మర్నాడు చూస్తే మళ్లీ ముట్టుకుంటూ ఉంటుంది. దాంతో నేను ఆమెను ఫైనల్ అనే పిలవడం మొదలుపెట్టాను. మొదట్లో కోపగించుకుంది, తర్వాత పలకడం మొదలుపెట్టింది.

ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లకీ, ఎముకలు విరిగి అతికినవాళ్లకీ మళ్లీ నడక నేర్పడం ఆమె పని. వాళ్ల ఆసుపత్రిలో గోరువెచ్చని నీళ్ల తొట్టి ఉన్న గది ఒకటుంది. రోగులు నడుములోతు నీళ్లలో కడ్డీ పట్టుకుని అడుగులు వేస్తారు. ఆ గది మూసేసి సామాన్లు పెట్టుకుందామని పైవాళ్ల ఆలోచన. వద్దని చెప్పడానికి ఆసుపత్రి కమిటీ ముందు మా మరదలికి పది నిమిషాలు ఇచ్చారు. ఆ గది పోతే తన రోగుల్లో చాలామంది చక్రాల కుర్చీలకే అతుక్కుపోతారని ఆమె భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. భయపడే పద్ధతే బాగోలేదు.

పొద్దంతా రోగుల్ని నడిపించి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చునేది. కమిటీకి చూపించబోయే స్లైడ్లలో అక్షరాల రంగు మార్చేది. నీలం మరీ చల్లగా ఉందనేది, ఆకుపచ్చ మరీ ఆసుపత్రిలా ఉందనేది. "మీది ఆసుపత్రేగా?" అన్నాను ఒకసారి. నా వైపు చూసిన చూపుకి పాలు విరిగేవి. పది నిమిషాల ప్రసంగానికి అరగంట పడుతోంది. తగ్గించమంటే ఇంకో రెండు విషయాలు కలిపి వేగంగా చదివేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

మా ఆవిడ పరిస్థితి మరీ ఘోరం. ఆమెను కమిటీ అధ్యక్షురాలిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమనేది చెల్లెలు. మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకుంటూ అడిగేది. "ఆ గదికి అంత నీళ్లెందుకమ్మా? రెండు బకెట్లు చాలవూ?"

"అక్కా! సీరియస్‌గా అడుగు!"

"ఇంతకంటే సీరియస్‌గా ఏడవలేనే."

నా వృత్తి గురించి కూడా చెప్పాలి. నాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక కారు, నేను. ఆ కారులో నేను కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నా ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అందరూ మొదటి పాఠంలో బండి కదిలించడం నేర్పుతారు. నేను ఆగిపోవడం నేర్పుతాను. క్లచ్చి టక్కున వదిలెయ్యమంటాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. గేరు న్యూట్రల్‌కి తెచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ స్టార్ట్ చెయ్యమంటాను. మళ్లీ ఆపమంటాను. నేర్చుకునేవాళ్లకి ఆవులింతలు వచ్చేదాకా ఇదే పని. నడిరోడ్డు మీద బండి ఆగిపోతుందేమోనన్న భయంతోనే సగం మంది పరీక్ష తప్పుతారు. ఆగడం అలవాటైతే ఆ భయం ఉండదు. ఇంకో నియమం కూడా ఉంది నాకు. పరీక్ష ముందురోజు ఎవరికీ బండి ఇవ్వను, ఇంటికెళ్లి పడుకోమంటాను.

ఇదంతా మరదలికి వివరించాను. "నీకు తప్పులేకుండా చెప్పడం బాగా వచ్చిందమ్మా. తప్పొస్తే ఏం చేస్తావో అది రాలేదు. ఈ పూట నిన్ను ఆపేస్తాం, చూద్దాం."

"ఆపితే అదే వరసలో మళ్లీ మొదలుపెడతా."

ఆ సాయంత్రం మా ఆవిడా నేనూ కమిటీ అయ్యాం. ఆమె మొదలుపెట్టగానే నేను దగ్గాను. కొంచెం ముందుకెళ్లగానే మా ఆవిడ గిన్నె కింద పడేసింది. పాపం, అది నిజంగానే చేజారింది. మూడోసారి నేను ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించాను. ప్రతిసారీ ఫైనల్ నోరు తెరుచుకుని నిలబడిపోయి, "గౌరవనీయులైన కమిటీ సభ్యులకు నమస్కారం" అని మళ్లీ మొదటికొచ్చేది. చివరికి కాగితాలు బల్ల మీద విసిరేసి కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆటపట్టించడం ఎక్కువైందని నాకే సిగ్గేసింది.

మా ఆవిడ ఒక పళ్లెంలో అన్నం పెట్టి చెల్లెలి చేతికిచ్చింది. పక్కనే కూర్చుంది.

"అసలు ఆ నీళ్లలో ఏముందే? మామూలుగా చెప్పు, నాకు చెప్పినట్టు."

ఆమె రెండు ముద్దలు తిని, అన్నం కలుపుతూ చెప్పింది. "ఏముందీ, నీళ్లలో పడితే దెబ్బ తగలదు. అంతేనక్కా. ఒక పెద్దాయన ఉన్నారు, బస్సు నడిపేవారట. కాలు పడిపోయాక, నేల మీద నిలబడదామంటే మంచం పట్టీ వదిలేవారు కాదు. ఒకసారి పడ్డారు, ఇంక ఒప్పుకోలేదు. నీళ్లలోకి దింపాను. అక్కడా పడ్డారు. మునిగి, లేచి, మీసాలు తుడుచుకుని నవ్వారు. 'ఇంతేనా అమ్మా, ఇంకోసారి పడతాను' అన్నారు. పడీ పడీ నడక తెచ్చుకున్నారు."

నేను బల్ల మీది కాగితాలు తిరగేశాను.

"ఇది ఏ కాగితంలో ఉంది?" అడిగాను.

"ఇందులో రాయడానికేముంది బావా, అందరికీ తెలిసిందేగా."

"నాకు తెలీదు," అంది మా ఆవిడ. "నాకూ తెలీదు," అన్నాను నేను. "ఇదే నీ న్యూట్రల్. ఎక్కడ ఆగిపోయినా ఇక్కడికి వచ్చెయ్. మొదటికి పోకు."

మర్నాడు, అంటే మీటింగు ముందురోజు, లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి మా ఆవిడ తాళం వేసింది. భోజనాల బల్ల మాకు తిరిగి దక్కింది. అంతా సర్దుకుందనుకుంటూ ఉండగా స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడుతో పాటు వినిపించింది: "గౌరవనీయులైన కమిటీ సభ్యులకు..." మా ఆవిడ తలుపు మీద దబదబా బాదింది.

మీటింగు రోజు పొద్దున నేనే దింపుతానన్నాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఎదుటివాళ్లకి ధైర్యం చెప్పడం నా వృత్తి, అది నా దగ్గర దండిగా ఉంటుందని నా నమ్మకం. కానీ ఆ రోజు లేచేసరికి అది ఎటు పోయిందో తెలీదు. టైర్లలో గాలి చూశాను. మళ్లీ చూశాను. ఆమె వచ్చి పక్క సీట్లో, అంటే నా సీట్లో కూర్చుంది. పెద్ద కూడలి దగ్గర సిగ్నల్ పడింది. పచ్చలైటు వెలగ్గానే క్లచ్చి వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. వెనక హారన్లే హారన్లు. పక్కన ఆగిన స్కూటరాయన బోర్డు చదివి, నన్ను చూసి, మళ్లీ బోర్డు చదివాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. తాళం తిప్పాను. గేరులోనే ఉంచి తిప్పాను, అది మళ్లీ ఎగిరి ఆగింది.

"బావా," అంది మా మరదలు నింపాదిగా. "న్యూట్రల్‌కి తీసుకో. ఊపిరి తీసుకో. హారన్ కొట్టడం వాళ్ల పని, కొట్టుకోనీ. స్టార్ట్ చెయ్యడం నీ పని."

చేశాను. బండి కదిలింది. ఆసుపత్రి గేటు దాకా ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

బీరువాలోంచి తీసిన లాప్‌టాప్, కాగితాలూ మోసే నెపంతో నేనూ లోపలికెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. బల్ల చుట్టూ కమిటీ. మధ్యలో అధ్యక్షురాలు, తెల్ల జుట్టు, మెళ్లో వేలాడే కళ్లజోడు.

"గౌరవనీయులైన కమిటీ సభ్యులకు..."

"నమస్కారాలు ఉండనివ్వండి," అంది అధ్యక్షురాలు. "నేల మీద నేర్పలేనిది నీళ్లలో ఏం నేర్పుతారు? అది చెప్పండి."

ఫైనల్ ఆగిపోయింది. నా కాలు దానంతటదే బ్రేకు కోసం నేలను నొక్కింది. ఆమె మెల్లగా ఊపిరి తీసుకుంది.

"ఒక్క క్షణమండీ, ఆగిపోయాను. ఇందాక సిగ్నల్ దగ్గర మా బావ కారు కూడా ఇలాగే ఆగింది. ఆయన డ్రైవింగ్ మాస్టారు. ముందు ఆగిపోవడమే నేర్పుతారు." కమిటీ మొత్తం నా వైపు తిరిగింది. భూమి విచ్చుకుంటే బాగుండుననుకున్నాను. "మా గదిలో నేనూ అదే నేర్పుతాను. పడిపోవడం. నేల మీద ఒకసారి పడ్డ మనిషి మళ్లీ నిలబడడానికి భయపడతాడు. నీళ్లలో పడితే దెబ్బ తగలదు, అందుకని మళ్లీ ప్రయత్నిస్తాడు."

తర్వాత బస్సు నడిపిన పెద్దాయన గురించి చెప్పింది. అన్నం కలుపుతూ చెప్పినట్టే చెప్పింది. ఆ వెనక అవసరమైన నాలుగు బొమ్మలు చూపించింది. ఒకచోట మాట తడబడింది, సర్దుకుంది. మిగతా కాగితాలు తెరవనేలేదు. ఇచ్చిన సమయం ఇంకా మిగిలి ఉండగానే కూర్చుంది.

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఆమె గోళ్లు కొరుక్కుంది, నేను నావి కొరుక్కున్నాను. తలుపు తెరుచుకుని అధ్యక్షురాలు బయటికి వచ్చింది. "గది ఉంటుంది. సామాన్లకి వేరే చోటు చూస్తారు," అంది. మా మరదలు థాంక్యూ కూడా చెప్పకుండా గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, అక్కడ ఉల్లిపాయలేం లేవు.

అధ్యక్షురాలు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మా ఆయన పక్కన కూర్చుని అరిచిన రోజు స్టీరింగ్ వదిలేశానండీ. ఇంక ముట్టుకోలేదు. మీరు అరుస్తారా?"

"లేదండీ," అన్నాను. "నా మీదే అరిచేవాళ్లున్నారు."

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే కూడలి, అదే ఎర్రలైటు. ఈసారి నేను మంచి హుషారు మీద ఉన్నాను. పచ్చలైటు వెలిగింది. జాగ్రత్తగా క్లచ్చి వదులుతున్నాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

కిందికి చూస్తే పక్క సీటు బ్రేకు మీద మా మరదలి చెప్పు కనబడింది.

"ఏంటమ్మా ఇది!"

"ప్రాక్టీస్ బావా," అంది ఫైనల్.

వెనక హారన్లు మొదలయ్యాయి. న్యూట్రల్‌కి తెచ్చాను, ఊపిరి తీసుకున్నాను, తాళం తిప్పాను.