పెళ్ళికానుకగా ఇచ్చిన పిలక

పెళ్ళయి ఏడు నెలలు కావస్తున్నా, బండి ఎక్కేముందు నా హెల్మెట్ పట్టీ మా ఆయన నాంతేనే బిగించి ముక్కు మీద చిటికె వేస్తాడు. రోజూ వేసేదే, రోజూ నవ్వొస్తుంది. ఆ ఆదివారం జిగురు బియ్యంతో అరటాకులో వండిన వేడి సుమన్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, అతని వీపుకు చెంప ఆనించి కొండ మీదికి బయల్దేరాను. మా పెళ్ళికి పెద్దగా నిలబడ్డ నినోంగ్ బడోయ్ అరటితోట అక్కడే.

ఆ కొండ మీద ఎండు తెగులు లేదు. కింద మా మామగారు తతాయ్ ఇస్లావ్ భూమిలో ఉంది. అది మట్టిలో బతికే బూజు. వేళ్ళలోంచి ఎక్కి చెట్టును ఎండగడుతుంది, ఆ తర్వాత ఆ నేల ఏళ్ళ తరబడి అరటికి పనికిరాదు. అందుకే మా ల్యాబ్ ఆ భూమిలోనే కంచె వేసి ప్రయోగం పెట్టింది. అరటి కణంలో ఒక జన్యువును కత్తిరించి బూజు ఎక్కే దారి మూసేశాం. చుట్టూ చెట్లన్నీ వాడిపోతున్నా మా మొక్కలు పచ్చగా నిలిచాయి. ఆ రోజు ల్యాబ్‌లో నేనూ నాంతే చేతులు పట్టుకుని గెంతాం.

గేటు దగ్గరే నినోంగ్ అందుకున్నాడు. "ఏరా, బండి మీద చోటే లేదా? పిల్లను వీపుకు అతికించుకొచ్చావ్!"

"చలేసింది నినోంగ్," అన్నాను.

"ఈ ఎండలోనా? అబద్ధం కూడా ముద్దుగా ఆడుతున్నావ్ ఇందాయ్. రండి, మీ కానుక ఎంత ఎదిగిందో చూద్దురుగాని."

"ఏ కానుక?"

తోట మధ్యలో నిగనిగలాడుతూ ఒక అరటి. "మీ తతాయ్ పెళ్ళిరోజున ఇచ్చాడు. జబ్బు రాని రకం, మా పిల్లలు చేసిందని ఎంత మురిసిపోయాడో! పుట్టింటి మట్టి లేకపోతే మొక్క బెంగపడుతుందని, పిలకను మట్టిగడ్డతో సహా గోనెలో చుట్టి తెచ్చాడు."

నాంతే మొహం పాలిపోయింది. నేను పక్క చెట్టును చూశాను. కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. మొదలు దగ్గర కాండం నిలువునా చీలింది.

"దానికి నీళ్ళు చాలట్లేదు," అన్నాడు నినోంగ్.

నాంతే కత్తి తీసుకుని దాన్ని అడ్డంగా నరికాడు. తెల్లగా ఉండాల్సిన చోట గోధుమరంగు వలయాలు. దాని పక్కదీ అంతే. వాన నీళ్ళు కిందికి పారే వరుసలో అన్నీ అంతే.

"మా మొక్కకు జబ్బు రాదు నినోంగ్," అన్నాను. "కానీ దాని మట్టితో పాటు జబ్బు వచ్చింది. పక్కవి మామూలు చెట్లు."

ఆయన నరికిన కాండాన్ని వేలితో తడిమాడు. "మీ నాన్నకు తెలుసా?"

"తెలీదు. మంచిదే ఇచ్చాననుకున్నాడు," అన్నాడు నాంతే.

"అదేరా బాధ. తిట్టుకుందామన్నా మనిషి లేకుండా చేశాడు." తోట వైపు తిరిగాడు. "తోటంతా తీసెయ్యాలా?"

"అంతా. దీన్ని కూడా," అన్నాను కానుక చెట్టును చూపిస్తూ.

"ఇది పచ్చగా ఉందిగా?"

"పచ్చగానే ఉంటుంది నినోంగ్. దాని మట్టిలోంచి జబ్బు పక్కవాటికి పాకుతూనే ఉంటుంది."

సుమన్ పొట్లం ఎవరూ విప్పలేదు. గేటు దగ్గర నినోంగ్ మా చెప్పులు విప్పించి కాల్చడానికి పక్కన పెట్టాడు. బండి చక్రాలకు అంటిన మట్టి గీకి, బ్లీచింగ్ నీళ్ళతో తనే కడిగాడు.

"ఇందాయ్," అన్నాడు తలెత్తకుండా, "మీ పెళ్ళికి పెద్దను నేనొక్కణ్ణే కాదుగా. మీ తతాయ్ ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేసే మనిషి కాదు."

నాంతే నా వైపు చూశాడు. ఇద్దరం వట్టి కాళ్ళతో బండెక్కాం. ఇంటికి పోయే దారి వదిలి, మా పెళ్ళికి ఇంకో పెద్దగా నిలబడ్డ నినాంగ్ క్లారిటా తోట వైపు తిప్పాడు.