గిర్ని వరుసలో రాజమల్లయ్య

సుఖంగా ఉన్నావా అని ఎవరైనా అడిగితే లచ్చవ్వ నవ్వేది. ఏం సుఖం? మొగుడు ఎడ్లతో మాట్లాడినంత కూడా ఆమెతో మాట్లాడడు. పండిన జొన్నల్లో లెవీ కింద సర్కారు కొలుచుకుపోగా మిగిలేది అంతంత మాత్రం. కానీ తెల్లవారుజామున స్నేహితురాలు కిష్టవ్వ జొన్నల గంపతో వచ్చి విసుర్రాయికి అటువైపు కూర్చుని, ఇద్దరూ ఒకే పిడి పట్టి పాటెత్తుకున్నారంటే చాలు, ఆ పూటకు అంత భాగ్యవంతురాలు సిద్దిపేట మొత్తంలో ఇంకొకతె లేదు. అత్తల మీద చాడీలు, కడుపులో దుఃఖాలు, పడీ పడీ నవ్వడాలు అన్నీ ఆ రాయి దగ్గరే.

ఒకనాడు కిష్టవ్వ వాకిలి బయటే నిలబడిపోయింది.

"లచ్చక్కా, చేర్యాలల మా పెద్దమామ రాజమల్లయ్య సచ్చిపోయిండే. మాకు అంటు. గది పోయేదాంక రాను."

చావు అంటు ఉన్నవాళ్ళు పరాయి ఇంటి రాయి ముట్టకూడదు. ఎప్పుడో ఒక పెళ్ళిలో చూసిన ఆ ముసలాయన కోసం లచ్చవ్వ కళ్ళు తుడుచుకుంది. అంతటితో ఊరుకుందా? కిష్టవ్వ ఇంట్లో పిండికి ఇబ్బందవుతుందని తన జొన్నలే ఒంటరిగా విసిరి, పిండి గంప ఆమె గడప ముందు పెట్టి, లోపలికి తొంగి చూడకుండా తిరిగొచ్చేది. అరచేతులు పొక్కిపోయాయి. అయినా సంతోషంగానే చేసింది పిచ్చిది.

అంగడి నాడు, బజారులో కొత్తగా పెట్టిన పిండి గిర్ని ముందు లచ్చవ్వ కొయ్యబారిపోయింది. వరుసలో నిలబడి రాజమల్లయ్య చుట్ట కాలుస్తున్నాడు. కాళ్ళ దగ్గర కిష్టవ్వ గంప.

"పెద్దయ్యా... నువ్వేనా?"

"నేనే బిడ్డా, నాకేమైంది? మొన్ననే కోడలింటికి వచ్చిన. జొన్నలు పట్టిచ్చుకరమ్మన్నది. గీ నడుమ గీడికే తెస్తదట."

లచ్చవ్వ అంగడి మాట మరిచి తిన్నగా కిష్టవ్వ ఇంటికి నడిచింది.

"రాబుద్ధి గాకుంటే రానని చెప్పరాదానే? పానమున్న మనిషిని సంపుతవా?"

కిష్టవ్వ తల దించుకుంది. "ఎట్ల జెప్పాల్నే? ఎన్నేండ్ల సందో నా జబ్బ గుంజుతుంది. పొద్దుగాల ఇంకింతసేపు పండుకుంటే పానం నిమ్మలంగుంటది. నువ్వేమో రాయి కాడ మస్తు సంబురపడుతుంటివి."

"నువ్వు పడలేదా? పాడలేదా?"

"పాడకుంటే బరువెట్ల తెల్వకుంటదే?"

లచ్చవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. చావు అబద్ధమైతే పోనీలే అనుకునేది. ఇన్నేళ్ళూ తానొక్కతే సంతోషపడిందంటే ఎట్లా ఓర్చుకునేది?

మర్నాడు మసక వెలుతురులో కిష్టవ్వ గంపతో వచ్చింది. కూర్చుని, పిడి పట్టి, పాటెత్తుకుంది. రాయి తిరిగింది. పాట మధ్యలో ఆమెకు ఊపిరి ఎక్కడ తెగుతోందో లచ్చవ్వకు ఇవాళ వినబడింది.

"నొస్తుందానే?"

"లేదక్కా," అని కిష్టవ్వ నవ్వింది.

అచ్చం ఎప్పటి నవ్వే. రవ్వంత తేడా లేదు. లచ్చవ్వ రాయి ఆపింది. కిష్టవ్వ వేళ్ళను పిడి మీది నుంచి ఒక్కొక్కటే విడిపించి, "పో, పోయి పండుకో" అంది.