రామలింగం మార్చి చెప్పిన సినిమా

మట్టెవాడలో గిన్నెల దుకాణం రామలింగం నోటికి జంకు లేదు. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు బేరం తెగాక, ఆ వారం వచ్చిన సినిమా ఎట్లుందో కూడా అడిగి పోయేవాళ్ళు. పెద్ద హీరో సినిమా అయినా సరే, అతను మొహమాటపడేవాడు కాదు.

"దెబ్బ తిన్నోడల్లా గాల్లో లేస్తాండు. నా దుకాణంల గంగాళాలన్ని ఒక్కసారి కిందపడ్డా గంత సప్పుడు గాదు," అనేవాడు. దయ్యం సినిమా గురించి అడిగితే, "దయ్యం కన్న పక్క సీట్లోని గురకకే ఎక్కువ భయపడ్డ" అన్నాడు. అవార్డులొచ్చిన సినిమా చూసొచ్చి, "హీరో కిటికీలకెల్లి చూసుడే చూసుడు. ఏం చూస్తాండో మనకు సూపియ్యలే" అన్నాడు. మన యాసలో తీసిన సినిమా అని జనం ఎగబడితే మాత్రం అతనికి కోపమొచ్చింది. "తాగుడు, తిట్టుడేనా మన భాష? మా అమ్మ ఇదే మాట మాట్లాడింది. ఒక్కనాడు గట్ల మాట్లాడలే."

ఈ సినిమాలన్నీ అతను భార్య ప్రేమలతతో కలిసి చూసినవే. వాళ్ళకు పిల్లల్లేరు. వారానికో సినిమా, ఇంటికి నడిచొస్తూ దాని మీద వాదులాట, అదే వాళ్ళ కాపురంలో పండుగ. ప్రేమ పేరుతో పిల్ల వెంటపడే హీరోని చూసి, "మన గల్లీల అయితే చెప్పు తీస్తరు, తెర మీదైతే ఈలలేస్తరు" అన్నది ఆమె మాటే. మర్నాడు దుకాణంలో దాన్ని తన మాటగా చెప్పుకున్నాడు రామలింగం.

ఎండాకాలం మొదట్లో ప్రేమలతకు కడుపునొప్పి పట్టుకుంది. అన్నం సయించేది కాదు. హన్మకొండలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అతన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. కడుపులో గడ్డ ఉందని, అది కాలేయానికి పాకిందని, కోసి తీయడానికి లేదని చెప్పాడు.

"దసరా దాకా అనుకోండి. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం."

బయట బెంచీ మీద కూర్చున్న ప్రేమలత అతని మొహంలోకి చూసింది. "ఏమన్నడయ్యా?"

"పుండట. మందులు వాడితే తగ్గుతదట," అన్నాడు రామలింగం. ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం చాలలేదు.

డోర్నకల్‌లో ప్రేమలతకు అక్క ఉంది, కట్టమ్మ. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయి, మాట పోయి, మంచంలో ఉంది. "ఒక్కసారి అక్కను చూసొస్తా" అని ప్రేమలత అడిగింది.

"గీ ఎండల్ల ఎందుకే? తగ్గినంక పోదాం," అన్నాడు అతను. ప్రయాణంలో ఆమె నీరసించిపోతుందని భయపడ్డాడు. అంతకన్నా, అక్కడెవరైనా ఆమెను చూసి కనిపెట్టేస్తారని భయపడ్డాడు.

కొన్నాళ్ళకు హాల్లో కూర్చునే ఓపిక కూడా ఆమెకు పోయింది. "నువ్వు పోయి రా. వచ్చి కథ చెప్పు" అనేది. అతను మ్యాట్నీకి పోయొచ్చి, మంచం పక్కన కూర్చుని కథంతా చెప్పేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వినేది.

ఆ రోజుల్లోనే ఒక సినిమాలో కొత్తగా పెళ్ళయిన పిల్లకు జబ్బు చేసి చనిపోతుంది. రామలింగం సగంలోనే లేచి వచ్చి హాలు బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ లోపలికి పోయి చివరిదాకా చూశాడు. ఇంటికొచ్చి, ఆ పిల్లకు నయమైందని, ఇద్దరూ సముద్రం ఒడ్డుకు పోయారని చెప్పాడు.

"ఎట్లున్నది మరి?"

"బ్రహ్మాండం."

ప్రేమలత కళ్ళు తెరిచి అతని వైపు చూసింది. తర్వాతి వారం సినిమా కూడా బాగుందన్నాడు. ఆ పై వారం సినిమా ఇంకా బాగుందన్నాడు.

వానలు పడ్డాక ఒకనాడు దుకాణం నుంచి అన్నానికి వచ్చేసరికి, ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను ఉంది.

"ఆ పిల్ల చచ్చిపోయింది గదయ్యా," అంది. "ఆ సినిమా ఫోన్ల వచ్చింది. ఇప్పుడే చూసిన."

రామలింగం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీకు అన్ని సినిమాలు మంచిగనిపియ్యబట్టినప్పుడే నాకు అనుమానమొచ్చింది. నాకేమైంది? డాక్టరు ఏమన్నడో మొత్తం చెప్పు. నడిమిట్ల ఏం మార్చకు."

అతను నేల మీద కూర్చుని చెప్పాడు. గడ్డ గురించి చెప్పాడు, కాలేయం గురించి చెప్పాడు, దసరా మాట కూడా చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె గోడవైపు మొహం తిప్పుకుంది.

"ఎండకాలంల నడిచేదాన్ని," అంది. "రైలెక్కేదాన్ని. అక్కను చూడనియ్యకపోతివి."

"నువ్వు భయపడతవని..."

"నువ్వు భయపడ్డవు. చావు నాది. నాకు చెప్పకపోతివి."

మర్నాడే అతను డోర్నకల్‌కు కారు మాట్లాడాడు. వెనక సీట్లో పరుపు వేసి పడుకోబెట్టాడు. మామునూరు దాటకముందే ఆమె వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. డ్రైవరు అడగకుండానే బండి తిప్పేశాడు. నొప్పి కాస్త తగ్గాక, కట్టమ్మ కోడలు స్రవంతికి వీడియో కాల్ చేశారు. తెర మీద ఒక పక్కకు వంకరపోయిన కట్టమ్మ మొహం కనిపించింది. ఆమె ఏదో అనబోయింది. శబ్దమే వచ్చింది కానీ మాట రాలేదు. ప్రేమలత "అక్కా, అక్కా" అంటూ తెరను వేలితో నిమిరింది. వేలు తగిలి కాల్ కట్టయింది. మళ్ళీ చేయబోతే వద్దంది.

ఆ తర్వాత ఆమె అతన్ని తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. దసరా దాకా ఆగలేదు, వినాయక చవితి ముందే పోయింది.

కర్మకాండలు అయ్యాక రామలింగం ఒక్కడే రైలెక్కి డోర్నకల్ పోయాడు. స్రవంతి గుమ్మంలోనే ఆపింది.

"మామయ్యా, అత్తమ్మకు ఇంకా చెప్పలే. తట్టుకోదు. చిన్నత్తమ్మ మంచిగున్నదని చెప్పుండ్రి, మీకు దండం పెడత."

అతను చెప్పులు విడిచి లోపలికి పోయాడు. కట్టమ్మ అతన్ని చూసింది. అతని వెనక ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసింది. రామలింగం మంచం అంచున కూర్చుని ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

"వదినె, ప్రేమ పోయింది," అన్నాడు.

గుమ్మం దగ్గర స్రవంతి కొంగు నోట్లో కుక్కుకుంది.

"కడుపుల గడ్డ. నాకు ముందే ఎరుక. ఆమెకు చెప్పలే, మీకు చెప్పలే. నీ దగ్గరికి వస్తనంటే నేనే ఆపిన."

కట్టమ్మ చూపు అతని మొహం మీదే ఉంది. ఆఖరి గడియలో నీ పేరే తలచుకుందని చెప్పాలని అతనికి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఈ ముసలిప్రాణం కాస్త నిమ్మళపడుతుంది.

"నొప్పి చాన ఉండె," అన్నాడు. "ఆఖరికి ఎవ్వరిని గుర్తుపట్టలే. నన్ను గూడ."

కట్టమ్మ గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఆమె గోళ్ళు అతని చేతిలో దిగాయి. అతను చెయ్యి తీసుకోలేదు.